నికాసియా పుట్టువెంట్రుకలు

ఆ మాటను మా ఊరికి తెచ్చింది నేనే. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, జీతమూ ఇవ్వలేదు. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయాను. పిల్లల కోసం పనిచేసే సంస్థ ఒకటి మా చుల్కాని ఊరికి వచ్చిందంటే నేనే వెళ్లి చెయ్యెత్తాను. నాకు స్పానిష్ వచ్చు. మా ఊరి ఆడవాళ్లకు ఐమారా తప్ప ఇంకో ముక్క రాదు. మధ్యలో ఒక నోరు కావాల్సి వచ్చింది. ఆ నోరు నేనయ్యాను.

మొదటి సమావేశానికి ఒరూరో పట్నంలోని ఆఫీసు నుంచి గ్లాదిస్ అనే అమ్మాయి జీపులో వచ్చింది. స్పెయిన్‌లో మంచి మనసున్నవాళ్లు ఉన్నారనీ, ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్లను ఎంచుకుని నెలనెలా డబ్బు పంపుతారనీ, దాంతో బడిలో పాలు పోస్తారనీ, భోజనాల గది కడతారనీ, డాక్టరు వస్తాడనీ చెప్పింది. అలా పంపేవాణ్ణి వాళ్లు పద్రీనో అంటారు. నేను ఆ మాటను మార్చలేదు. ఎందుకు మార్చాలి? పద్రీనో అంటే మా దగ్గర చంటిపిల్లకు కూడా తెలుసు. "మీ పిల్లలకు పద్రీనోలు వస్తున్నారు" అని గొంతెత్తి చెప్పాను.

అక్కడే కొంప మునిగింది. వాళ్ల పద్రీనో వేరు, మా పద్రీనో వేరు. వాళ్లకు అది ఫారంలో ఒక గడి. మాకు జ్ఞానతండ్రి. బిడ్డ పుట్టువెంట్రుకల్లో మొదటి పాయ కత్తిరించేవాడు. ఆ కత్తెర పడిన రోజు నుంచి అతను ఆ ఇంటి మనిషి. పెళ్లికి పెద్ద అతనే, జబ్బు చేస్తే మందు తెచ్చేదీ అతనే. కన్నవాళ్లు పోతే బిడ్డ చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోవలసినవాడూ అతనే. పుట్టువెంట్రుకలు ఒక్కసారే తీస్తారు కాబట్టి జ్ఞానతండ్రి కూడా ఒక్కడే.

మా ఆడవాళ్లు గడుసువాళ్లు. వాళ్ల పిల్లలకు అప్పటికే జుట్టు తీసిన మనుషులున్నారు. "ఉన్న పద్రీనోయే పండక్కి కోడిపిల్లను ఇవ్వడు, సముద్రం అవతలివాడు ఇస్తాడటే!" అని నవ్వుకుంటూ వేలిముద్రలు వేసి పోయారు. ఒక్క ప్రిమితీవా నవ్వలేదు. ఆమె కూతురు నికాసియా కడుపులో ఉండగానే మొగుడు గనిలో పోయాడు. పుట్టింటివాళ్లు చెల్లాచెదురైపోయారు. సొంత అన్న అర్జెంటీనాలో ఎక్కడో బట్టలు కుడుతున్నాడని అంటారు, చిరునామా లేదు. పిల్లకు మూడేళ్లు నిండినా తల మీద కత్తెర పడలేదు. జుట్టు భుజాలు దాటి అట్టలు కట్టి వేలాడేది. ప్రిమితీవా వేలిముద్ర వేసి, ఆ వేలిని పావడాకు తుడుచుకోకుండా అలాగే పట్టుకుని ఇంటికి వెళ్లింది. ఆ రోజు నాకు ముచ్చటేసింది. ఎంత బుద్ధిమంతురాలు, నా మాటను ఎంత శ్రద్ధగా విన్నదీ అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగు నెలలకు పద్రీనో ఫోటో వచ్చింది. పేరు దోన్ అన్సెల్మో. ఊరు స్పెయిన్‌లోని లొగ్రోన్యో. కళ్లద్దాల దుకాణం. తెల్లని గడ్డం, మెత్తని ముఖం, వెనకాల గోడనిండా కళ్లద్దాలు. ప్రిమితీవా ఆ ఫోటోను మరియమ్మ తల్లి పటం పక్కనే మేకుకు తగిలించింది. పొద్దున్నే ఇద్దరికీ కలిపి దండం పెట్టేది.

ఇక మెలితోన్ సంగతి చెప్పాలి. అతను ప్రిమితీవా మొగుడికి పినతండ్రి కొడుకు. ఉన్నికీ మాంసానికీ పెంచే లామాలు ఎనభై, ఒక పాత లారీ ఉన్నాయి. వారానికోసారి ఒరూరో సంతకు పోతాడు. ముక్కోపి, కానీ చెయ్యి పెద్దది. నికాసియాకు జ్ఞానతండ్రిగా ఉంటానని మూడుసార్లు అడిగాడు, పద్ధతి ప్రకారం కోకా ఆకు మూట, మందు సీసా పట్టుకునే వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. లొగ్రోన్యోకు ఉత్తరం రాసిపెడుతున్నాను.

"వదినా, పిల్లకు నాలుగో ఏడు వచ్చింది. ఆ తల చూడు, గొర్రె బొచ్చే నయం. ఊరు నవ్వుతోంది" అన్నాడు గుమ్మంలో నిలబడి. "నేను కత్తిరిస్తాను. ఒక చూడి లామాను దాని పేర విడిచిపెడతాను."

"దానికి పద్రీనో ఉన్నాడయ్యా" అంది ప్రిమితీవా.

"ఎక్కడున్నాడు?"

"లొగ్రోన్యోలో."

"అదెక్కడుంది?"

"టీచరమ్మకు తెలుసు."

మెలితోన్ నా వంక చూశాడు. నేను కాగితం వంక చూశాను.

"నీ పొయ్యిలో నిప్పు ఆరిపోతే లొగ్రోన్యో నుంచి ఊదుతాడా వాడు?" అన్నాడు.

"ఊదుతాడో లేదో గానీ నెలనెలా పాలు పోస్తున్నాడు. నువ్వెన్నడైనా గిన్నెడు పోశావా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మెలితోన్ సీసా తీసి చంకలో పెట్టుకున్నాడు. "మూడుసార్లు అడిగినవాడు చుట్టం, నాలుగోసారి అడిగేవాడు కుక్క" అని చెప్పి మరీ వెళ్లాడు.

అతను పోయాక నేను మెల్లగా అన్నాను, "ప్రిమితీవా, ఆ పద్రీనో, మన పద్రీనో ఒకటి కాదే."

"మరి అదే మాట ఎందుకన్నారు టీచరమ్మా?"

నేను ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. అప్పుడైనా కూర్చోబెట్టి విడమరిచి చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పలేదు. ఆఫీసు మీద నమ్మకం పోతుందని కొంత, నేను తప్పు చెప్పానని ఊరికి తెలుస్తుందని కొంత. టీచర్లకు ఉండే రోగమే అది. పిల్లల తప్పులు దిద్దడం నేర్చుకుంటాం గానీ సొంత తప్పు ఒప్పుకోవడం నేర్చుకోం.

ఆ చలికాలంలోనే ప్రిమితీవా దగ్గులో రక్తం పడింది. పదేళ్ల పాటు గని బయట రాళ్లు పగలగొట్టి ఖనిజం ఏరిన మనిషి. ఆ దుమ్మంతా లోపలే ఉండిపోయింది. సంస్థ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురులో పట్టుకుని చూసి, ఆమెతో ఏమీ అనకుండా నాతో స్పానిష్‌లో ఏడాది, మహా అయితే రెండేళ్లు బతుకుతుందన్నాడు. ఆ మాటను నేను తర్జుమా చేయనక్కర్లేకపోయింది. నా ముఖమే చెప్పేసింది.

"నాకు బతకాలని లేదనుకోకండి" అంది దారిలో. "కానీ బతుకు నా చేతుల్లో లేదు. నేను పోయేలోగా ఆయన ఒక్కసారి రావాలి. కత్తెర పడాలి. తర్వాత నికాసియాకు ఒక మనిషి ఉంటాడు. ఆ సంగతి ఖాయమైతే నేను ఏ రోజు పోయినా ఫరవాలేదు."

ఆ తర్వాత ఉత్తరాలన్నింటిలో ఒకటే మాట రాయించింది. ఎప్పుడొస్తారు? నేను దాన్ని కాస్త మర్యాదగా మార్చి, మీరు వస్తే మా ఊరు ఎంతో సంతోషిస్తుంది అని రాసేదాన్ని.

ఆయన నిజంగానే వచ్చాడు. అదే విచిత్రం. మా పిల్లలకు డబ్బు పంపేవాళ్లలో ఇంకెవరూ రాలేదు, ఈయన మాత్రం దుకాణం మూసి, మరో పదకొండు మంది సేవకులతో కలిసి, పది రోజులు స్వచ్ఛందంగా పనిచేయడానికి వచ్చాడు. బడి భోజనాల గదికి పసుపు రంగు వేశారు. మా కొండమీది పలచని గాలి చాలక ఇద్దరు పడకేశారు. దోన్ అన్సెల్మో మాత్రం ముక్కు తొక్క ఊడిపోయేంత ఎండలో నిచ్చెన దిగకుండా రంగు వేశాడు. మంచివాడు. అందులో అనుమానం లేదు. చెడ్డవాడైతే నాకు ఈ కథ చెప్పడం తేలికయ్యేది.

ఆదివారం వేడుక అనుకున్నాం. ముందురోజు గ్లాదిస్ నన్ను పక్కకు పిలిచింది.

"టీచర్‌ గారూ, ఒక్క మాట. దాతలను ఏమీ అడగనివ్వకండి. పోయినేడు ఇంకో ఊళ్లో ఒకావిడ పిల్లను మీతో తీసుకుపోండి అందట. ఆయన బెదిరిపోయి డబ్బు ఆపేశాడు, ఆయన్ని చూసి మరో ఐదుగురు ఆపేశారు. ఆ ఊళ్లో ఇప్పుడు పిల్లలకు పాలు లేవు."

"మా వాళ్లు అడుక్కునేవాళ్లు కాదమ్మా" అన్నాను పౌరుషంగా.

"తెలుసు. అయినా మీరే కదా మధ్యలో ఉండేది. చూసుకోండి."

ఆదివారం పొద్దున ప్రిమితీవా గది ఊడ్చి, నేల మీద కొత్త దుప్పటి పరిచింది. లామా మాంసం, మంచులో ఆరబెట్టిన చూన్యో దుంపలు ఉడికించింది. ఆ మాంసం ఎక్కడిదంటే చెప్పలేదు. తర్వాత తెలిసింది, ఉన్న రెండింట్లో ఒకదాన్ని కోసేసిందని. నికాసియా జుట్టును చిన్నచిన్న పాయలుగా విడదీసి, ఒక్కొక్కదానికి రంగు దారం కట్టింది. నలభై పైచిలుకు పాయలు. పిల్లకు ఐదేళ్లు. దారాలు కదలకుండా మెడ బిగబట్టుకుని కూర్చుంది. ఊరంతా వచ్చింది. మెలితోన్ కూడా వచ్చాడు గానీ లోపలికి రాలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

దోన్ అన్సెల్మో టోపీ తీసి చేతిలో పట్టుకుని వంగి లోపలికి వచ్చాడు. గోడ మీద తన ఫోటో చూసి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. పళ్లెంలో కత్తెర పెట్టి ప్రిమితీవా ఆయన ముందు మోకరిల్లింది. ఆమె ఊపిరి ఈల వేస్తోంది. ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పింది.

"అయ్యా, నేను ఎక్కువకాలం ఉండను. నా బిడ్డకు ఎవరూ లేరు. ఈ జుట్టు తీస్తే ఇది మీ బిడ్డ. నేను పోయాక వచ్చి దీన్ని తీసుకుపోవాలి. రాలేనంటే ఇప్పుడే చెప్పండి, నేనేమీ అనుకోను, వేరే మనిషిని చూసుకుంటాను. ఒప్పుకుంటేనే కత్తెర ముట్టుకోండి."

ఇంత తేటగా చెప్పింది. ఏ వకీలు రాసినా ఇంతకంటే బాగా రాయలేడు. గదిలో అందరూ నా వంక చూశారు. గ్లాదిస్ కూడా చూసింది.

నాకు బడిలో నలభై మూడు గిన్నెల పాలు కనిపించాయి. ముక్కు తొక్క ఊడిన ఆ మంచి మనిషి ముఖం పాలిపోవడం కనిపించింది. ఊరి ముందు ఆయన కాదంటే ప్రిమితీవా ఏమైపోతుందో కనిపించింది. అన్నీ ఒక్క క్షణంలోనే కనిపించాయి. కనిపించనిది ఒక్కటే, ఆ పిల్ల.

స్పానిష్‌లో అన్నాను, "మీరు ఇంతదూరం వచ్చినందుకు ఆమెకు చాలా సంతోషంగా ఉందట. మిమ్మల్ని ఇంటి మనిషిగా అనుకుంటోందట. మొదటి పాయ మీరే కత్తిరించాలట."

ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆమెకు చెప్పండి, ఇది నా జీవితంలో గొప్ప గౌరవం. ఈ పాప ఎప్పుడూ నా గుండెల్లో ఉంటుంది."

నేను ప్రిమితీవా వైపు తిరిగి ఐమారాలో అన్నాను, "సరేనన్నారు."

కత్తెర పడింది. నికాసియా ఉలిక్కిపడి నవ్వింది. తర్వాత అందరూ వరసగా కత్తిరించారు, పళ్లెంలో తోచింది పెట్టారు, ఫోటోలు తీశారు. దోన్ అన్సెల్మో పిల్లను ఎత్తుకుని తన కళ్లద్దాలు దాని ముక్కు మీద పెట్టాడు. ప్రిమితీవా గోడకు జారగిలబడి చూస్తూ కూర్చుంది. ఎప్పటినుంచో మోస్తున్న మూటను ఎవరో అందుకున్నట్టుంది ఆమె ముఖం. అంత తృప్తి నేను ఎవరి ముఖంలోనూ చూడలేదు. ఇల్లలకగానే పండగ కాదని నాకు తెలుసు. ఆమెకు తెలియదు.

గుమ్మం వైపు చూస్తే మెలితోన్ నన్నే చూస్తున్నాడు. అప్పుడు గుర్తుకొచ్చింది, వారానికోసారి ఒరూరో సంతలో బేరాలాడే మనిషికి స్పానిష్ రాకుండా ఎలా ఉంటుందని. అతను నేల మీద ఉమ్మి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం తర్వాత ప్రిమితీవా పదకొండు నెలలు బతికింది. పోయే రోజు పొద్దున కూడా నికాసియాకు చెప్పింది, "ఏడవకే. పద్రీనో వస్తాడు. జీపులో వస్తాడు. టీచరమ్మ ఉత్తరం రాస్తుంది." నా చెయ్యి నొక్కి పట్టుకుని, "రాస్తారు కదూ?" అంది. రాస్తానన్నాను.

రాశాను. ఈసారి మర్యాదల్లేవు. ఆ రోజు ఆమె ఏమందో, నేను ఏమని చెప్పానో, అక్షరం పొల్లుపోకుండా ఆరు పేజీలు రాశాను. కానీ మా ఉత్తరాలన్నీ ఆఫీసు మీదుగానే పోవాలి. నా ఉత్తరం ఆయన దాకా చేరిందో, ఏ బల్ల సొరుగులోనో ఉండిపోయిందో ఈ రోజుకీ నాకు తెలియదు.

జవాబు కోసం చూసిన ఏడు వారాలూ నికాసియా నా దగ్గరే ఉంది. నాది ఒకటే గది. ఒకటే మంచం. రాత్రి చలికి నా వీపుకు అతుక్కుని పడుకునేది. పొద్దున లేస్తూనే దారి పక్క బండ మీద కూర్చునేది. దుమ్ము రేగితే లేచి నిలబడేది. లారీ అయితే మళ్లీ కూర్చునేది. సాయంత్రం లోపలికి వచ్చి, "ఇవాళ రాలేదు అవ్వా" అని లెక్క అప్పజెప్పేది, నేనేదో పని చెబితే చేసుకొచ్చినట్టు.

ఎనిమిదో వారం గ్లాదిస్ వచ్చింది. ఒక కవరు తెచ్చింది. అందులో దోన్ అన్సెల్మో చేతిరాతతో నాలుగు వాక్యాలున్నాయి. తల్లి మరణవార్త విని ఎంతో బాధపడ్డాడట. పాప ఫోటో దుకాణంలో అందరికీ కనిపించేలా పెట్టాడట. ఆ ఆదివారాన్ని ఎన్నటికీ మరచిపోడట. దేవుడు పాపను చల్లగా చూడాలట.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంకేం రాస్తాడు టీచర్‌ గారూ? ఆయనకు అరవై రెండేళ్లు. మన రూల్సు కూడా ఒప్పుకోవు, దాత పిల్లను తీసుకుపోవడమంటే మాటలా?" గొంతు తగ్గించింది. "పిల్లల రక్షణ ఆఫీసుకు చెప్పాం. ఊళ్లో ఎవరైనా పెంచుకుంటే సరే. లేదంటే ఒరూరోలో హోమ్ ఉంది. ఊరు వదిలితే మన జాబితాలో పేరు తీసేయాలి. అప్పుడు దోన్ అన్సెల్మోకు ఇంకో పాపను ఇద్దాం. ఫోటో తీసిపెట్టండి."

ఫోటో తీయడానికి వేరే మనిషిని చూసుకోమని చెప్పాను. అంతకుమించి ఆ అమ్మాయితో కొట్లాడలేదు. ఆమె తన పని తను చేస్తోంది.

ఊరి సభ బడి ముందర జరిగింది. మొగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చున్నారు. నికాసియా నా పావడా అంచు పట్టుకుని కూర్చుంది. ఊరిపెద్ద అడిగాడు, "ఎవరు తీసుకుంటారు?" అందరికీ ఇంటినిండా పిల్లలే. చివరికి అందరి కళ్లూ మెలితోన్ మీదికి పోయాయి.

"నన్నెందుకు చూస్తారు?" అని లేచాడు. "నేను మూడుసార్లు అడిగాను. ఆకు పట్టుకుని అడిగాను. నీకు పని లేదు పొమ్మన్నారు. దాని జుట్టు తీసిన చెయ్యి ఒకటుంది కదా. ఆ చేతినే అడగండి. ఇంకొకడి జ్ఞానబిడ్డను నేను ఇంట్లో పెట్టుకుంటే ఆ దోషం తగిలి రేపు నా మందకేమైనా అయితే ఎవరు పూచీ?"

"మందకేం కాదు, నీ పౌరుషమే అడ్డం" అంది ఒకావిడ.

"అవును, పౌరుషమే. ఉండకూడదా?" నా వైపు తిరిగాడు. "ఆ రోజు సరేనన్నది ఆ పరదేశి కాదు టీచరమ్మా. నీ నోరు. గుమ్మంలో నిలబడి రెండు భాషల్లోనూ నేను విన్నాను. ఆయన ఒప్పుకోలేదు, అసలు ఆయన్ని ఎవరూ అడగనే లేదు. ఒప్పుకున్నది నువ్వు."

ఇక దాచడానికేముంది? "నిజమే" అన్నాను. ఆ తర్వాత, ఎందుకు అడిగానో తెలియదు, "అంతా విన్నవాడివి, అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నాలుగోసారి నోరెత్తేవాడు కుక్క అన్నాను కదా. మాట మీద నిలబడ్డాను" అన్నాడు. అనేసి కూర్చుని, టోపీని ముఖం మీదికి లాక్కున్నాడు. ఏడుస్తున్నాడని అందరికీ తెలుసు. అయినా పిల్లను తీసుకుంటానని మాత్రం అనలేదు.

ఊరిపెద్ద నన్ను అడిగాడు. "టీచరమ్మా, మరి మీరు?"

నా పావడా అంచు పట్టుకున్న చెయ్యి బిగిసింది. ఆరేళ్ల పిల్ల. అన్నీ వింటోంది.

నాకు అరవై ఆరు. మోకాళ్లు పనిచేయవు. వచ్చే పెన్షను నాకే చాలదు. గది ఒకటే. ఇవన్నీ నిజాలే, ఆ రోజు సభలో ఇవే చెప్పాను. "ఈ వయసులో మీకు కష్టమే లెండి" అని ఊరంతా తల ఊపింది. నన్ను ఎవరూ తప్పుపట్టలేదు. చెప్పనిది ఇంకొకటి ఉంది. ఏడు వారాలు వీపుకు అతుక్కుని పడుకున్న ఆ పిల్లను చూసినప్పుడల్లా నాకు నా అబద్ధమే కనిపించేది. బతికినన్నాళ్లూ దాని ముఖం చూస్తూ బతకడానికి నాకు ధైర్యం చాలలేదు. నేను పిరికిదాన్ని. అంతకుమించి నా దగ్గర సంజాయిషీ లేదు.

సోమవారం జీపు వచ్చింది. దుమ్ము చూసి నికాసియా లేచి నిలబడింది. జీపు ఆగింది. పరుగెత్తుకెళ్లి ముందు సీటులోకి, వెనక సీటులోకి తొంగిచూసింది. "లోపల లేడు అవ్వా" అంది. "ఒరూరోలో ఉన్నాడేమో" అన్నాను నేను. అప్పటికీ నా నోరు బాగుపడలేదు.

ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం చూడ్డానికి వెళ్లాను. హోమ్ శుభ్రంగానే ఉంది. చెడ్డగా చెప్పడానికేమీ లేదు. ఆ రోజు ఏదో దేశం నుంచి స్వచ్ఛంద సేవకులు వచ్చారు, పాతిక మంది. పెన్సిళ్లు, బంతులు పంచుతున్నారు, పిల్లలతో ఆడుతున్నారు. నికాసియాకు జుట్టు పొట్టిగా కత్తిరించారు. చెవులు బయటికి వచ్చి ఇంకా చిన్నదిగా కనిపించింది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఒక్క నిమిషమే. తర్వాత వదిలేసి, గడ్డం ఉన్న ఒకాయన ముందుకు వెళ్లి నిలబడింది. టోపీ తీసి, తల వంచింది.

"ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే" అంది ఆయమ్మ నవ్వుతూ. "ఎవరు వచ్చినా మొగమనిషైతే చాలు, పోయి తల వంచుతుంది. ఏదో అంటుంది, మాకెవరికీ అర్థంకాదు. ఆశీర్వాదం అడుగుతుందేమో పాపం."

నాకు అర్థమైంది. మా భాషే కదా.

గడ్డమాయన ముచ్చటపడి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయనకు స్పానిష్ వచ్చు. "ఏమంటోంది పాప?" అని నన్ను అడిగాడు.

ఈసారి ఒక్క అక్షరం మార్చలేదు. "నువ్వేనా నా పద్రీనో, నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చావా అని అడుగుతోంది" అన్నాను. "దీని తల్లి చనిపోయింది. జుట్టు తీసినాయన వచ్చి తీసుకుపోతాడని చెప్పి పోయింది. ఆయన ముఖం దీనికి సరిగా గుర్తులేదు. అందుకని అందరినీ అడుగుతోంది."

ఆయన కళ్లనిండా నీళ్లు వచ్చాయి. "అయ్యో, ఎంత మంచి పిల్ల!" అన్నాడు. దాని తల నిమిరాడు. "చెప్పండి, నేను కూడా దీన్ని ఎన్నటికీ మరచిపోనని" అని, నీలం రంగు పెన్సిలు ఒకటి చేతిలో పెట్టి, మాతో ఒక ఫోటో తీయమని పక్కనున్నామెకు కెమెరా ఇచ్చాడు.

ఓహో, అప్పుడు నిజం చెప్పి ఉన్నా ఇంతేనేమో అని ఒక్క క్షణం నా మనసు తేలికపడింది. అలా తేలికపడినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. అప్పుడు నిజం చెప్పి ఉంటే దోన్ అన్సెల్మో కత్తెర ముట్టుకునేవాడు కాదు, మెలితోన్ గుమ్మంలోనే ఉన్నాడు.

నికాసియా ఇంకా తల వంచుకునే ఉంది. జవాబు కోసం ఆగింది.

"ఏమన్నాడు అవ్వా?"

మధ్యలో ఉన్న నోరు నాదే. "నేను కాదన్నాడు" అని చెప్పాను.

"సరే" అంది. టోపీ చేత్తోనే పట్టుకుని, గోడ పక్కన బంతులు పంచుతున్న ఇంకొకాయన దగ్గరికి నడిచింది.